డాలస్‌లో రాసిన స్క్రిప్టు, హైదరాబాద్ గ్లింప్స్‌లో కనిపించిన సీను: ఒక కాపీరైట్ కేసు మొత్తం

నేను హైదరాబాద్‌లో అడ్వకేట్‌ని, కాపీరైట్, ట్రేడ్‌మార్క్ పనే ఎక్కువ చేస్తాను. బయట దేశాల్లో ఉండి కథలు రాసుకునే మనవాళ్ళ నుంచి నాకు తరచూ ఫోన్లు వస్తాయి, అందరూ అడిగేది దాదాపు ఒకటే, "సార్ నేను ఇక్కడ ఉన్నాను కదా, నా స్క్రిప్టు ఎక్కడ రిజిస్టర్ చేయాలి, ఇండియాలోనా ఇక్కడా". ఆ ప్రశ్నకి ఒక్క ముక్కలో చెప్తే ఎవరికీ సరిగా ఎక్కట్లేదు, అందుకే ఒక కేసు మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. క్లయింట్ ఒప్పుకున్నాకే రాస్తున్నా. మనుషుల పేర్లు, సినిమా పేరు, సంస్థ పేరు ఏవీ ఉండవు, సెటిల్‌మెంట్‌లో ఆ షరతు ఉంది, గుర్తుపట్టేలా ఉన్న ఒకటి రెండు వివరాలు మార్చాను కూడా.

2024 నవంబర్‌లో ఫోన్ వచ్చింది. ఇక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర, డాలస్‌లో రాత్రి రెండు. "అన్నా, నా సీన్ తీసేసుకున్నారు, యూట్యూబ్‌లో ఉంది, ఇప్పుడే చూశాను" అన్నాడు, గొంతు వణుకుతోంది. మనిషిది తెనాలి, హెచ్1బీ మీద ఉన్న డేటాబేస్ ఇంజినీర్. నాన్నగారు పోయాక ఒక కథ రాయడం మొదలుపెట్టాడు, 2023 డిసెంబర్‌కి బౌండ్ స్క్రిప్ట్ అయింది, 126 పేజీలు, 78 సీన్లు, అంతా తెలుగులోనే గూగుల్ డాక్స్‌లో టైప్ చేసుకున్నాడు. 2024 ఫిబ్రవరిలో సెలవు మీద వచ్చినప్పుడు ఒక కో-డైరెక్టర్‌కి ఫిల్మ్‌నగర్‌లో ఒక కాఫీ షాప్‌లో కూర్చుని రెండున్నర గంటలు నరేషన్ ఇచ్చాడు, మర్నాడు పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపేశాడు. కాగితం లేదు, మెయిల్ లేదు, రిజిస్ట్రేషన్ లేదు. తొమ్మిది నెలలకి ఆ కో-డైరెక్టర్ పనిచేస్తున్న వేరే సినిమా గ్లింప్స్ (చిన్న టీజర్) వచ్చింది, 52 సెకన్లు, అందులో ఇతని సీను ఉంది.

సీను ఏంటో చెప్పాలి, ఎందుకంటే కేసు మొత్తం దాని మీదే తిరిగింది. తండ్రి పోయాక రైస్ మిల్లు అమ్మేద్దామని అమెరికా నుంచి వచ్చిన కొడుకు, ఇది లైను, అంటే కథ మూల ఆలోచన. మిల్లర్ల కట్టుబాటు ప్రకారం బస్తాకి కిలో చొప్పున తరుగు తీసినట్టు తండ్రి పుస్తకంలో రాస్తాడు, ఊళ్ళో అందరూ అతన్ని పిసినారి అనుకుంటారు. కొడుకు మిల్లు అమ్మే ముందు పాత కాటా విప్పి చూస్తే లోపల ఒక సీసం బిళ్ళ ఉంటుంది, ఆ బిళ్ళ వల్ల కాటా ప్రతి బస్తాకీ ఒక కిలో ఎక్కువ చూపిస్తోంది, అంటే పుస్తకంలో కోసిన తరుగు కాటాలో రైతుకే తిరిగి వెళ్ళిపోతోంది, ఎవరికీ చెప్పకుండా ఇన్నేళ్ళూ. ఆ బిళ్ళకి చుట్టిన కాగితం కొడుకు మూడో తరగతిలో రాసిన, చేతిరాత దిద్దుకునే కాపీ రైటింగ్ పుస్తకంలోది. గ్లింప్స్‌లో కాటా ఉంది, సీసం బిళ్ళ ఉంది, ఆ చుట్టిన కాగితం మీద పిల్లాడి గుండ్రటి అక్షరాలు కూడా ఉన్నాయి.

మొదటి ఫోన్‌లో అతను రెండు మాటలన్నాడు. ఒకటి, "నా దగ్గర కాపీరైట్ లేదన్నా, నేను చేయించలేదు". రెండు, "వెంటనే నోటీస్ పంపిద్దాం, పోలీస్ కంప్లైంట్ ఇద్దాం". రెండూ తప్పే. మొదటిది పెద్ద తప్పు, మనవాళ్ళలో చాలామంది భయపడి ఊరుకునేది దానివల్లే కాబట్టి ముందు అదే చెప్తాను.

కాపీరైట్ అనేది ఎవరో ఇచ్చేది కాదు, రాసిన రోజే పుడుతుంది. బెర్న్ కన్వెన్షన్ అని 1886 నాటి ఒప్పందం ఉంది, ఇండియా 1928 నుంచి, అమెరికా 1989 మార్చి 1 నుంచి అందులో సభ్యులు. దాని ప్రకారం సభ్య దేశాల రచయితకి హక్కు రావాలంటే ఏ ఫార్మాలిటీ అక్కర్లేదు, ఏ దేశంలో కాపాడుకోవాలనుకుంటే ఆ దేశం చట్టం వర్తిస్తుంది. అంటే డాలస్‌లో కూర్చుని రాసినా అతనికి హైదరాబాద్‌లో హక్కు ఉంది, డాలస్‌లోనూ ఉంది. మన 1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 13 ప్రకారం పబ్లిష్ కాని రచన ఐతే రాసిన నాటికి రచయిత ఇండియన్ సిటిజన్ ఐతే చాలు, ఎక్కడ ఉండి రాశాడన్నది లెక్కలోకి రాదు. హక్కు రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు, అమెరికాలో ఐతే 70. మరి రిజిస్ట్రేషన్ ఎందుకంటే రుజువు కోసం. సెక్షన్ 48 ప్రకారం రిజిస్టర్‌లో ఉన్న వివరాలని కోర్టు ప్రైమా ఫేసీ, అంటే కాదని రుజువయ్యేదాకా, నిజమని తీసుకుంటుంది, కాదు అని నిరూపించాల్సిన బరువు అవతలివాళ్ళ మీద పడుతుంది. హక్కు అతనిది, సందేహం లేదు, ఇప్పుడు లేనిది కాగితం. అది దూరంగా ఉన్నవాడికి ఇంకా కష్టం, ఎందుకంటే ప్రతి సంతకానికీ ఒక సముద్రం అడ్డం.

రెండో మాట, నోటీసు. నేను పంపనన్నాను. అతనికి కోపం వచ్చింది, రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. కారణం ఇది, 1978లో సుప్రీం కోర్టు ఆర్.జి. ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిలిమ్స్ కేసులో చెప్పింది ఇప్పటికీ మనకి వేదవాక్కు, ఐడియాకి, ఇతివృత్తానికి, చారిత్రక విషయానికి కాపీరైట్ లేదు, దాన్ని నువ్వు చెప్పిన తీరుకే ఉంది. ఆ కేసులో నాటక రచయిత తన 'హమ్ హిందుస్తానీ' నాటకాన్ని 'న్యూ ఢిల్లీ' సినిమాగా తీశారని కేసు వేశాడు, ప్రాంతాల మధ్య వివక్ష అనే విషయం రెండింట్లోనూ ఉంది, కానీ చెప్పిన తీరు వేరు అని ఓడిపోయాడు. మరి "అమెరికా కొడుకు ఆస్తి అమ్మడానికి ఊరికొచ్చి మారిపోవడం" అనే లైన్ మీద మనం నోటీస్ ఇస్తే నిలబడుతుందా? ఆ లైన్ ఎవరిదైనా కావచ్చు. పైగా సెక్షన్ 60 ఒకటి ఉంది, ఆధారం లేకుండా కాపీరైట్ పేరుతో బెదిరిస్తే ఆ బెదిరింపుకి గురైనవాళ్ళు తిరిగి మన మీదే దావా వేయొచ్చు. పోలీస్ సంగతి ఐతే, సెక్షన్ 63 కింద ఆర్నెల్ల నుంచి మూడేళ్ళ దాకా జైలు ఉంది, అది కాగ్నిజబుల్ (వారెంట్ లేకుండా అరెస్ట్ చేయొచ్చు), నాన్ బెయిలబుల్ (బెయిల్ హక్కుగా రాదు) అని 2022లో నిట్ ప్రో కేసులో సుప్రీం కోర్టు చెప్పింది కూడా, నిజమే, కానీ ఒక సీను గురించి చేతిలో ఏ కాగితం లేకుండా స్టేషన్‌కి వెళ్ళడం నాకు ఇష్టం లేదు, ఆ కత్తి పట్టుకుంటే మాట్లాడుకునే దారి మూసుకుపోతుంది.

కాబట్టి ముందు ఇల్లు సర్దుకోవాలన్నాను. ఏమేం ఉన్నాయో అన్నీ బయట పెట్టమన్నాను.

మొదట బయటికొచ్చింది ఒక కవరు. స్క్రిప్ట్ అయిన రోజు ప్రింట్ తీసి, సీల్ చేసి తెనాలిలో అమ్మ పేరు మీద పోస్ట్ చేశాడంట, ఎక్కడో వీడియోలో చూసి. ఆవిడ దాన్ని పట్టుచీరల మధ్య బీరువాలో పెట్టి, విప్పొద్దన్నాడు కాబట్టి ముట్టుకోకుండా అలాగే ఉంచింది. ఇది మనవాళ్ళు చాలామంది చేస్తారు. దీనికి ఇండియా చట్టంలో గానీ అమెరికా చట్టంలో గానీ రిజిస్ట్రేషన్‌కి ఉన్న విలువ లేదు, తెరిచి ఉన్న కవరు కూడా పోస్ట్‌లో వెళ్తుంది, తర్వాత ఎప్పుడైనా అంటించుకోవచ్చు అని అవతలి లాయర్ ఒక్క ప్రశ్న వేస్తే అయిపోతుంది. ఐనా దాన్ని పారేయొద్దన్నాను, మిగతా రుజువుల పక్కన చిన్న తోడు.

అసలైన రుజువు గూగుల్ డాక్స్ వర్షన్ హిస్టరీ. కాటా సీను 2023 ఆగస్టులో మొదట ఎలా రాశాడు, సీసం బిళ్ళ ఎప్పుడు వచ్చింది, కాగితం చుట్టడం ఏ రాత్రి చేర్చాడు, అంతా తేదీలతో ఉంది. కాపీ కొట్టినవాడి దగ్గర తయారైన సీను ఉండొచ్చు గానీ ఆ సీను పుట్టి పెరిగిన చిత్తుప్రతులు ఉండవు. అందుకే నేను అందరికీ చెప్తాను, పాత డ్రాఫ్టులు డిలీట్ చేయొద్దు, బాగోలేనివి అసలే చేయొద్దు.

ఇంక వాట్సాప్. పీడీఎఫ్ పంపిన మెసేజ్ ఉంది, ఫిబ్రవరి తేదీ ఉంది. దాని కింద నాలుగు రోజుల తర్వాత అవతలి మనిషి పంపిన వాయిస్ మెసేజ్ ఉంది. క్లయింట్ దాని సంగతే మర్చిపోయాడు, స్క్రోల్ చేస్తుంటే దొరికింది. "చదివాను బ్రదర్, సెకండాఫ్ కొంచెం ల్యాగ్ ఉంది, కానీ ఆ కాటా సీను మాత్రం అదిరింది." ఇరవై సెకన్లు కూడా లేదు. నాకైతే అది విన్నాక కుర్చీలోంచి లేచి నిలబడాలనిపించింది. కాపీరైట్ కేసులో పోలిక ఒక్కటే చాలదు, అవతలివాడి చేతికి నీ రచన అందిందా అన్నది కూడా చూపించాలి, ఇక్కడ అందడమే కాదు, ఆ సీను పేరు పెట్టి మెచ్చుకున్నాడు.

ఐతే ఫోన్‌లో ఉన్నది కోర్టులో చెల్లాలంటే స్క్రీన్‌షాట్ పెడితే సరిపోదు. 2024 జులై 1 నుంచి పాత ఎవిడెన్స్ చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది, ఎలక్ట్రానిక్ రుజువుల గురించిన పాత 65బీ స్థానంలో ఈ కొత్త చట్టం సెక్షన్ 63, దాని సర్టిఫికెట్‌లో రెండు భాగాలు, ఒకటి మనం సంతకం పెట్టేది, రెండోది ఎక్స్‌పర్ట్ పెట్టేది, ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపించే వేలిముద్ర లాంటి నంబర్) కూడా రాయాలి. అందుకని ఆ ఫోన్ మార్చొద్దు, ఫార్మాట్ చేయొద్దు, చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టు అన్నాను. అతను అప్పటికే బ్లాక్ ఫ్రైడేకి కొత్త ఫోన్ ఆర్డర్ పెట్టి పాతది ఎక్స్‌చేంజ్‌కి ఇచ్చేయబోతున్నాడు, ఇంకో వారం లేటయితే అంతే.

తర్వాత అసలు చిక్కు. "స్క్రిప్ట్ మొత్తం నువ్వే రాశావా" అని అడిగాను. కాసేపు ఆగి, "డైలాగులు ఒక 14 సీన్లకి మా బావమరిది రాశాడన్నా, న్యూజెర్సీలో ఉంటాడు, వాడికి గోదావరి యాస బాగా వచ్చు" అన్నాడు. ఏదైనా కాగితం ఉందా అంటే, "బావమరిది దగ్గర కాగితం అడుగుతామా అన్నా, మా ఆవిడ ఏమనుకుంటుంది". ఇదే నేను ప్రతి రెండో కేసులో చూసేది. ఎవరిది ఎంత అని విడదీయలేనంతగా కలిసి రాస్తే చట్టం దృష్టిలో అది జాయింట్ ఆథర్‌షిప్, ఇద్దరి హక్కూ ఉంటుంది, రేపు ప్రొడ్యూసర్ వచ్చినప్పుడు ఇద్దరి సంతకాలూ కావాలి. ఇంకో మెలిక కూడా ఉంది, బావమరిది అప్పటికే అమెరికా సిటిజన్ అయిపోయాడు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకి ఇచ్చేది) మాత్రం ఉంది. జాయింట్ రచన ఐతే సెక్షన్ 13 షరతు ఇద్దరు రచయితలకీ సరిపోవాలి, బావమరిది ఇండియన్ సిటిజన్ కాదు, అప్పుడు 1999 ఇంటర్నేషనల్ కాపీరైట్ ఆర్డర్ ద్వారా బెర్న్ దేశం పౌరుడిగా అతనికి రక్షణ తెచ్చుకోవాలి. హక్కు పోదు, కానీ దారి వేరు, ఫారంలో నేషనాలిటీ గడి సరిగ్గా నింపాలి. ఓసీఐ అంటే ఇండియన్ సిటిజనే కదా అని చాలామంది ఇండియన్ అని రాసేస్తారు, కాదు.

ఇద్దరితో ఒకే కాల్‌లో మాట్లాడాను. బావమరిది మంచివాడు, "నాకేం వద్దు సార్, బావది, పేరు మాత్రం వేయమనండి" అన్నాడు. ఐతే నోటిమాట చెల్లదు, సెక్షన్ 19 ప్రకారం అసైన్‌మెంట్, అంటే హక్కు రాసివ్వడం, రాతపూర్వకంగా ఉండాలి, సంతకం ఉండాలి, అమెరికాలోనూ అంతే. ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళే అనుకుంటారు, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే అనుకుంటారు, తీసుకున్నవాడు ఏడాది లోపు ఆ హక్కు వాడకపోతే, వేరేగా రాసుకోనంత వరకు, అది రద్దయిపోతుంది. అందుకని డీడ్‌లో అన్నీ విడివిడిగా రాయించాను, పూర్తి కాపీరైట్ కాలం, ప్రపంచమంతా, ఏడాది నిబంధన వర్తించదు, డైలాగ్స్ క్రెడిట్ తప్పనిసరి, వచ్చే డబ్బులో అతని వాటా ఇంత అని. వాటా వద్దన్నా రాయించాను. ఇవాళ వద్దనడం తేలిక, సినిమా ఆడితే ఆ ఇంట్లో పండగలకి మాటలు ఉండాలి కదా.

ఇక్కడ నా వల్ల ఒక ఆలస్యం జరిగింది, చెప్పాలి. గ్లింప్స్ వచ్చేసిందన్న తొందరలో ఆ డీడ్ రాకముందే ఢిల్లీ కాపీరైట్ ఆఫీస్‌కి ఆన్‌లైన్‌లో ఫారం 14 వేసేశాను, డైరీ నంబర్ (అప్లికేషన్ అందినట్టు ఇచ్చే నంబర్) తేదీ దొరికితే చాలనుకున్నాను. ఇద్దరు రచయితల పేర్లు ఉన్నాయి, ఓనర్‌గా ఒక్కరి పేరే ఉంది, రెండో అతని నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) లేదు. 30 రోజుల అభ్యంతరాల గడువు ఎవరూ ఏమీ అనకుండానే దాటింది, తర్వాత పరిశీలనలో డిస్క్రెపెన్సీ లెటర్ (లోపాలు ఇవీ అని చెప్పే ఉత్తరం) వచ్చింది, డీడ్, ఎన్ఓసీ జత చేసి జవాబు ఇచ్చాం. దానివల్ల రావాల్సినదానికన్నా నెలలు వెనక పడింది, మొత్తం మీద సర్టిఫికెట్ 2025 మధ్యలో గానీ రాలేదు. ఫీజు ఎంతంటే లిటరరీ, డ్రమాటిక్ రచనకి 500 రూపాయలు. అవును, అయిదు వందలే. 126 పేజీలు రెండేళ్ళు రాసినవాడు అయిదు వందల దగ్గర ఆగిపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. (సినిమాకి వేసే అప్లికేషన్ వేరు, దాని ఫీజు 5000, స్క్రిప్ట్‌కి అది వేయకూడదు, వేసినవాళ్ళని చూశాను.)

అదే వారం అమెరికాలో కూడా వేయించాను. నేను అక్కడి లాయర్‌ని కాదు, అతనే యూఎస్ కాపీరైట్ ఆఫీస్ సైట్‌లో పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ కింద వేశాడు, అక్కడ ఒక అటార్నీ చూసిపెట్టాడు. ఒకే రచయిత, ఒకే రచన ఐతే 45 డాలర్ల అప్లికేషన్ ఉంది, ఇద్దరు రచయితలు కాబట్టి 65 డాలర్లది వేయాలి. టైటిల్ ఇంగ్లీష్ అక్షరాల్లో ఇచ్చి, స్క్రిప్ట్ తెలుగు పీడీఎఫ్ అలాగే డిపాజిట్ చేశారు.

"ఇండియా సినిమాకి అమెరికా రిజిస్ట్రేషన్ ఎందుకన్నా, బెర్న్ ఉంది అన్నావుగా" అని అడిగాడు, మంచి ప్రశ్న. అక్కడ చట్టంలో ఒక మాట ఉంది, పబ్లిష్ కాని రచన రచయితలంతా అమెరికా పౌరులో, అక్కడ స్థిరపడినవాళ్ళో, మామూలుగా అక్కడే నివసించేవాళ్ళో ఐతే దాన్ని అమెరికన్ రచన కిందే లెక్కేస్తారు. అంటే తెనాలి మిల్లు గురించి తెలుగులో రాసినా, హెచ్1బీ మీద ఏళ్ళుగా డాలస్‌లో ఉంటున్నవాడు, న్యూజెర్సీలో ఉంటున్న అమెరికా సిటిజన్ కలిసి రాసింది కాబట్టి అది అక్కడి రచన అయ్యే అవకాశమే ఎక్కువ, అమెరికన్ రచన ఐతే రిజిస్ట్రేషన్ వచ్చాకే అక్కడ దావా వేయాలి, అప్లై చేశాం అంటే చాలదు అని 2019లో ఫోర్త్ ఎస్టేట్ కేసులో అక్కడి సుప్రీం కోర్టు తేల్చింది. పైగా ఉల్లంఘన మొదలవక ముందే రిజిస్టర్ అయి ఉంటేనే చట్టం చెప్పిన నష్టపరిహారం, లాయర్ ఖర్చులు అడగొచ్చు, ఆ పరిహారం ఒక్కో రచనకి 750 నుంచి 30,000 డాలర్లు, కావాలని చేశారని తేలితే 1,50,000 దాకా. మన తెలుగు సినిమాకి అమెరికా ఎంత పెద్ద మార్కెట్టో అందరికీ తెలుసు, ఇక్కడ తెల్లారకముందే డాలస్‌లో ప్రీమియర్ పడుతుంది. ఆ ప్రీమియర్ ఉల్లంఘన ఐతే అక్కడి కోర్టు కూడా తలుపు తీస్తుంది. మా కేసులో గ్లింప్స్ ముందే వచ్చేసింది కాబట్టి "ముందే మొదలైంది" అని అవతలివాళ్ళు వాదించే వీలు ఉండేది, నరేషన్‌కి ముందే 65 డాలర్లు కట్టి ఉంటే ఆ వాదన కూడా ఉండేది కాదు.

ఇంకో చిన్న విషయం, కానీ వదిలేయొద్దు. అతని ఉద్యోగ ఒప్పందం తెప్పించి చదివాను, "ఉద్యోగ కాలంలో సృష్టించిన ప్రతిదీ కంపెనీది" అన్నట్టు వెడల్పుగా ఉంది, పైగా కొన్ని రాత్రులు ఆఫీస్ ల్యాప్‌టాప్ మీదే టైప్ చేశాడు. డేటాబేస్ ఇంజినీర్ రాసిన సినిమా కథ ఉద్యోగంలో భాగం కాదు, వాదించి గెలవొచ్చు, కానీ వాదించాల్సిన అవసరమే రాకుండా హెచ్ఆర్ నుంచి "ఇది నీ సొంత రచన, మాకు సంబంధం లేదు" అని ఒక మెయిల్ తెప్పించుకున్నాం. వీసా సంగతి కూడా, కథ హక్కులు ఇచ్చి డబ్బు తీసుకోవడం వేరు, ప్రొడక్షన్‌కి కూర్చుని పని చేసి జీతంలా తీసుకోవడం వేరు, ఆ గీత ఎక్కడో ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగమని పంపాను, నేను చెప్పే విషయం కాదది.

డిసెంబర్‌లో ప్రొడక్షన్ ఆఫీస్‌కి ఉత్తరం రాశాను. బెదిరింపు ఒక్క మాట లేదు. ఇలాంటి స్క్రిప్ట్ ఉంది, ఈ తేదీన ఫలానా వ్యక్తికి అందింది, డైరీ నంబర్ ఇది, మీ గ్లింప్స్‌లో ఈ సీను మా 61వ సీనుతో ఇన్ని చోట్ల కలుస్తోంది, మీ వైపు కాగితాలు ఉంటే చూపించండి, మా వైపువి మేం చూపిస్తాం అని. పక్కన ఒక పట్టిక, మా సీను ఎడమ వైపు, గ్లింప్స్ షాట్లు కుడి వైపు.

పది రోజుల్లో జవాబు వచ్చింది, గౌరవంగానే ఉంది. వాళ్ళ రచయిత ఒక సినాప్సిస్‌ని (కథ సారాంశాన్ని) రచయితల అసోసియేషన్‌లో రిజిస్టర్ చేయించాడు, ఆ తేదీ మన నరేషన్ కన్నా ముందుది. అమెరికా కొడుకు, తండ్రి, ఊరు, వ్యాపారం, లైను అంతా అందులో ఉంది. క్లయింట్‌కి ఆ రోజు గుండె జారిపోయింది, "ఐతే వాళ్ళు కాపీ కొట్టలేదా అన్నా" అన్నాడు. లైను కొట్టలేదు, అది వాళ్ళకి ముందే ఉంది అన్నాను, నోటీస్ ఎందుకు వద్దన్నానో అప్పుడు అర్థమైంది. కానీ ఆ ఆరు పేజీల సినాప్సిస్‌లో కాటా లేదు. సీసం బిళ్ళ లేదు, కాపీ రైటింగ్ కాగితం లేదు.

మీటింగ్‌లో అవతలి లాయర్ "కాటాలో మోసం పల్లెల్లో ఎప్పటి నుంచో ఉన్నదే, దానికి కాపీరైట్ ఏంటి" అన్నారు. న్యాయమైన మాట, కాటా మోసం ఎవరి సొత్తూ కాదు. తిరగేసిన మోసం, అంటే తరుగు పుస్తకంలో తీసి కాటాలో తిరిగివ్వడం, అదీ ఎవరికైనా తట్టొచ్చు అనుకుందాం. కానీ పాత కాటా విప్పడం, బిళ్ళ దొరకడం, దానికి చుట్టిన కాగితం తన మూడో తరగతి పుస్తకంలోది కావడం, కొడుకు ఆ అక్షరాలని వేలితో తడమడం, అదే వరసలో రెండు చోట్లా ఎలా వచ్చింది? వాయిస్ మెసేజ్ ప్లే చేశాం. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ దర్శకుడికి నిజంగానే తెలియదు, ఆ సీను కథా చర్చల్లో కో-డైరెక్టర్ తన సొంతంలా చెప్పాడంట, ఆయన ముఖం చూస్తే నాకు నమ్మాలనిపించింది. కాపీరైట్ ఉల్లంఘనకి తెలియకపోవడం పూర్తి అడ్డు కాదు గానీ, మాట్లాడుకునే చోట మనిషి నిజాయితీ పనికొస్తుంది. మా చేతిలో ఇంకో ఆధారం కూడా ఉంది, నమ్మి చెప్పిన కథని వాడుకోవడం మీద, నమ్మక ద్రోహం కింద, 2002లో ఢిల్లీ హైకోర్టు అనిల్ గుప్తా కేసులో, 2003లో బాంబే హైకోర్టు జీ టెలిఫిలిమ్స్, సన్‌డయల్ కేసులో టీవీ కాన్సెప్టులకే రక్షణ ఇచ్చాయి. కాపీరైట్ అందని చోట ఇది అందుతుంది, కాకపోతే "ఇది నమ్మకంతో చెప్తున్నా" అని చూపించే ఒక్క లైన్ మెయిల్ ఐనా ఉండాలి, మా దగ్గర అది బలహీనం.

కోర్టుకి ఎందుకు వెళ్ళలేదని క్లయింట్ తమ్ముడు తర్వాత అడిగాడు. సెక్షన్ 62 రచయితకి తన ఊళ్ళోనే దావా వేసుకునే వసతి ఇస్తుంది, కానీ నివాసం టెక్సస్‌లో ఉన్నవాడికి తెనాలి ఇల్లు చూపిస్తే కుదరదు, హైదరాబాద్‌కే రావాలి. వాది దేశం బయట ఉండి ఇక్కడ తగినంత స్థిరాస్తి లేకపోతే ప్రతివాది ఖర్చులకి ముందే సెక్యూరిటీ కట్టమని కోర్టు అడుగుతుంది, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 25. అక్కడి నుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపాలంటే నోటరీ, ఆపైన టెక్సస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర అపోస్టిల్ (కాగితం వేరే దేశంలో చెల్లడానికి వేసే ప్రభుత్వ ముద్ర), ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంప్ డ్యూటీ కట్టించాలి. ఇవన్నీ మేం సిద్ధం చేసుకునే కూర్చున్నాం, అపోస్టిల్ అయిన పవర్ నా ఫైల్‌లో ఉంది, ఆ సంగతి అవతలివాళ్ళకి తెలుసు, ఇంజంక్షన్‌కి (సినిమా ఆపమనే కోర్టు ఆర్డర్‌కి) వెళ్ళగలం అని తెలిస్తేనే మాట వింటారు.

2025 ఫిబ్రవరిలో సెటిల్ అయింది. ఆ సీను సినిమాలోంచి తీసేశారు, గ్లింప్స్ మళ్ళీ కట్ చేసి పాతది తొలగించారు, ఆ సీను మీద తమకి ఏ హక్కూ లేదని రాసిచ్చారు, లైను మీద మేం ఎప్పుడూ అడగమని రాసిచ్చాం, మా ఖర్చులు ఇచ్చారు. డబ్బు పెద్దగా లేదు. "క్రెడిట్ ఇచ్చి సీన్ ఉంచుకుంటాం" అని కూడా అడిగారు, అది మా నాన్న సీను, నా సినిమాలోనే రావాలి అన్నాడు, నేను బలవంతం చేయలేదు.

ఆ ఏడాది చివర్లో ఇంకో నిర్మాత ఆ స్క్రిప్ట్ ఆప్షన్ (గడువు లోపు దాన్ని సినిమాగా తీసుకునే హక్కు) తీసుకున్నారు. వాళ్ళ మొదటి డ్రాఫ్ట్‌లో "ఇప్పుడున్న, భవిష్యత్తులో రాబోయే అన్ని మాధ్యమాలలో, శాశ్వతంగా, విశ్వమంతటా" అని ఉంది. 2012 సవరణ తర్వాత అలా రాసినంత మాత్రాన పనవదు, ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమం పేరు పెట్టి రాయకపోతే దానికి అసైన్‌మెంట్ వర్తించదు, థియేటర్ కాకుండా మిగతా వాడకాలకి రచయిత రాయల్టీ వాటా వదులుకోవడానికి చట్టం ఒప్పుకోదు. హిందీ డబ్బింగ్, రీమేక్, ఓటీటీ విడివిడిగా రాయించాం, 18 నెలల్లో షూటింగ్ మొదలవకపోతే స్క్రిప్ట్ తిరిగి వచ్చేయాలి అని పెట్టించాం. నాన్ రెసిడెంట్‌కి ఇచ్చే డబ్బు కాబట్టి టీడీఎస్ రేటు వేరు, అమెరికా నుంచి ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ తెప్పించి రెండు దేశాల పన్ను ఒప్పందం కింద తగ్గించుకోవాలి, అది సీఏ చూసుకున్నాడు.

తెనాలిలో కవరు ఇంక విప్పొచ్చమ్మా అని ఫోన్ చేస్తే ఆవిడ రెండు రోజుల్లో మొత్తం చదివేసి నాకే ఫోన్ చేసింది. "బాబూ, ఆ కాటా సంగతి వాళ్ళ నాన్న నాకు కూడా చెప్పలేదు" అంది, అంతే, ఇంకేం మాట్లాడలేదు. అది నిజంగా జరిగిందా, కొడుకు ఊహించాడా అని నేను క్లయింట్‌ని అడగలేదు. జరిగిన సంగతికి ఎలాగూ కాపీరైట్ ఉండదు, అతను రాసిన తీరుకే ఉంది.

కొత్త నిర్మాత సెకండాఫ్ మార్చమన్నారు, 31 పేజీలు కొత్తగా వచ్చాయి, పాత సర్టిఫికెట్ పాత డ్రాఫ్ట్‌కే కాబట్టి దీనికి మళ్ళీ అప్లికేషన్ వేయాలి. నిన్న రాత్రి ఫైల్ పంపాడు. పేరులో తేదీ ఉంది, డ్రాఫ్ట్ నంబర్ ఉంది, బావమరిది సంతకం చేసిన కాగితం కూడా అదే మెయిల్‌లో ఉంది. డైరెక్టర్‌కి ఇంకా పంపలేదన్నా, నువ్వు నంబర్ ఇచ్చాక పంపుతాను అని రాశాడు.